పిల్లలకు ఆ ఇంటిని చూపించకండి, అందులో కూర్చోబెట్టండి

మలేషియాలో పిల్లలకు పర్యావరణం గురించి చెప్పాలనుకున్నవాళ్ళు ఎటు తిరిగినా చివరికి మలయ్ జాతివాళ్ళ పాతకాలం ఇంటి దగ్గరికే వస్తారు. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంటుంది. గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, బాగా వాలుగా దిగిన కప్పు, ముందు మెట్లు, పక్కన రెండు కొబ్బరిచెట్లు. బొమ్మ చుట్టూ బాణం గుర్తులు: గాలి ఇటు నుంచి వస్తుంది, వేడి అటు నుంచి పోతుంది, వరద కింద నుంచి వెళ్ళిపోతుంది, మేకులు వాడలేదు. మా అమ్మాయి క్లాసులో అదే బొమ్మను ఐస్‌క్రీం పుల్లలతో కట్టుకు రమ్మన్నారు. గ్లూ గన్‌తో అంటించాం. పక్కనే అట్టముక్క మీద "మేకులు లేని ఇల్లు" అని రాసి పెట్టాం. నీట్‌గా ఉందని మంచి మార్కులే వేశారు. దానివల్ల మా పిల్ల నేర్చుకున్నదల్లా గ్లూ గన్ వేలికి తగిలితే కాలుతుందని.

ఇదంతా చూస్తుంటే డిగ్రీలో మేం రాసిన ఈవీఎస్ పేపరు గుర్తొచ్చింది. 1991లో ఎం.సి. మెహతా అనే లాయరు వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి సబ్జెక్టుగా చెప్పమంది. ఆ తీర్పు పుణ్యమా అని మా తరం డిగ్రీ వాళ్ళందరం ఆ పరీక్ష రాశాం, ముందు రోజు రాత్రి గైడు కొనుక్కొచ్చి ఓజోన్ పొర ప్రాముఖ్యత బట్టీ కొట్టి. అందులో తప్పినవాళ్ళు నాకు తెలిసి లేరు. అది చదివాక గదిలోంచి వెళ్తూ ఫ్యాను కట్టేసినవాళ్ళూ నాకు తెలిసి లేరు.

నేను ఆర్కిటెక్టును కాను. ఉద్యోగాల కోసం వచ్చి కౌలాలంపూర్ దగ్గర షా ఆలంలో స్థిరపడ్డ కోనసీమ మనిషిని. అయినా ఈ విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. పర్యావరణం నేర్పడానికి మలయ్ ఇంటిని మించిన ప్రయోగశాల ఈ దేశంలో లేదు. కానీ బళ్ళు దాన్ని ప్రయోగశాలగా వాడటం లేదు, దేవుడి పటంలా గోడకు తగిలించి దణ్ణం పెట్టిస్తున్నాయి. "మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో" అనే వాక్యంతో మొదలైన పాఠంలో పిల్లవాడు అడగడానికి ప్రశ్న మిగలదు. ఆ ఇల్లు ఎక్కడ నెగ్గుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో పిల్లలు తమంతట తాము కొలిచి చూడాలి. ఓడిపోయే చోట్లే అసలు పాఠం ఉందని కూడా నా అనుమానం.

ముందు చల్లదనం సంగతి చూద్దాం. మలయ్ ఇల్లు లోపల చల్లగా ఉంటుందని ప్రతి పుస్తకమూ రాస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఒక థర్మామీటరు ఇంటి బయట చెట్టు నీడలోనూ, ఇంకొకటి ఇంటి నడిమధ్యనా పెట్టి చూడండి. బయట 32 డిగ్రీలుంటే లోపలా ఇంచుమించు అంతే ఉంటుంది. ఉండక తప్పదు. పల్చటి చెక్క గోడలు, తెరిచిన కిటికీలు, పలకల మధ్య సందులున్న నేల. ఆ ఇల్లు బయటి గాలిని ఆపదు, లోపలికి పిలుస్తుంది. బయట ఎంత వేడో లోపలా అంతే వేడి. థర్మామీటరు నమ్ముకున్న పిల్లవాడు "పుస్తకంలో అబద్ధం రాశారు" అంటాడు. ఆ మాట వాడి నోటినుంచి రావాలనే నా కోరిక. ఎందుకంటే అదే గదిలో వాడికి హాయిగా ఉంటుంది. అంకె ఒకటే అయినప్పుడు హాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కోవాల్సి వస్తుంది.

మేమూ వెతుక్కున్నాం. పెరాక్ రాష్ట్రంలో కువాలా కంగ్సార్ దగ్గర ఒక కంపుంగ్‌లో, అంటే పల్లెలో, మా ఆఫీసు స్నేహితురాలి పుట్టిల్లు ఉంది. వాళ్ళమ్మగారిని మేమంతా మక్చిక్ అంటాం, మనం పిన్నిగారూ అన్నట్టు. మెట్ల దగ్గర పెద్ద నీళ్ళ జాడీ, దాని మీద కొబ్బరిచిప్ప ముంత. కాళ్ళు కడుక్కుని పైకెక్కాలి. ఎక్కగానే సెరంబి, అంటే మన వసారా. అది దాటితే రుమా ఇబు, ఇంట్లో ముఖ్యమైన పెద్ద గది. వెనకాల వంటిల్లు. అసలు వంటిల్లు చెక్కదే ఉండేదట. దాన్ని తీసేసి, కొడుకు ఉద్యోగంలో చేరాక నేలమీద ఇటుకలతో కొత్త వంటగది, దాని పక్కన ఒక పడకగది కట్టించాడు. ఇప్పుడు అక్కడి పల్లెల్లో చాలా ఇళ్ళు ఇలాగే ముందు సగం చెక్క, వెనక సగం సిమెంటుగా ఉంటాయి. పాఠ్యపుస్తకం బొమ్మలో ఆ వెనక సగం ఉండదు. నాకు మాత్రం అదొక వరంలా కనిపించింది. ఒకే ఇంట్లో, ఒకే ఎండలో, రెండు రకాల కట్టడాలు పక్కపక్కనే ఉన్నాయి.

పిల్లల చేతికి టిష్యూ కాగితం సన్నగా చింపి దారానికి కట్టి ఇచ్చాం. చెక్క గదిలో కిటికీలు నేల దగ్గర మొదలై మనిషి ఎత్తు దాకా ఉంటాయి, కింద భాగానికి చెక్కిన కర్రల అడ్డు ఉంటుంది. జనం చాప మీద కూర్చునేవాళ్ళు, పడుకునేవాళ్ళు కాబట్టి గాలి తగలాల్సింది అక్కడే. చాప మీద కూర్చుని మోకాలి ఎత్తులో దారం పట్టుకుంటే కాగితం ముక్క పక్కకు వాలి వణుకుతూ ఉంది. కిటికీల పైన, తలుపుల పైన చిల్లులు చెక్కిన పలకలుంటాయి. కుర్చీ ఎక్కి అక్కడ పట్టుకున్నా కదిలింది. అదే వెనక ఇటుక గదిలో కిటికీ నడుము ఎత్తున మొదలవుతుంది. అక్కడ నేలమీద కూర్చుని పట్టుకుంటే కాగితం ఉరితీసినట్టు నిటారుగా వేలాడింది. లేచి నిలబడితే కాస్త ఆడింది. మా అమ్మాయి రెండు గదుల మధ్యా పరుగెత్తి పరుగెత్తి చివరికి ఒక మాట అంది: "అమ్మా, ఈ గదిలో గాలి మన తలమీద నుంచి పోతోంది." ఐస్‌క్రీం పుల్లల నుంచి రాని వాక్యం అది.

దాని వెనక ఉన్న లెక్క పెద్ద పిల్లలకైతే చెప్పొచ్చు. గాలిలో తేమ ఎనభై శాతం ఉన్న చోట చెమట తొందరగా ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి ఒంటికి తగిలిందంటే చాలు, రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. థర్మామీటరు ఒంటికి చెమట పట్టదు కాబట్టి ఆ తేడా దానికి తెలియదు. వేడి అంటే ఒక్క అంకె కాదనీ, గాలి వేడి, తేమ, గాలి వేగం, చుట్టూ ఉన్న గోడలూ కప్పూ మన మీదికి వెదజల్లే వేడి, ఇవన్నీ కలిసిందనీ ఇంజనీరింగు కాలేజీలో ఒక సెమిస్టరు పట్టే పాఠం. ఇక్కడ చాప మీద కూర్చుంటే అర్థమైపోతుంది.

రాత్రి ఇంకో పాఠం. తొమ్మిదింటికి ఇటుక గది గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పగలంతా తాగిన ఎండను గోడ అప్పుడు కక్కుతోంది. చెక్క గది సూర్యుడు దిగిన కాసేపటికే బయటి గాలితో సమానంగా చల్లారిపోయింది. పిల్లలు తలగడలు పట్టుకుని ముందు గదిలోకి వచ్చేశారు, ఎవరూ చెప్పలేదు. మక్చిక్ మాత్రం వెనక గదిలోనే పడుకుంది. అందులో ఏసీ ఉంది, పైగా దోమలు రావు. చిల్లుల పలకల్లోంచి గాలితో పాటు దోమలూ వస్తాయి కదా. ఆవిడ లెక్క ఆవిడది, అది తప్పని చెప్పడానికి నేనెవరిని?

కప్పు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం ఇంకా ఇబ్బందుల్లో పడుతుంది. బొమ్మలో నిపా ఆకు కప్పు ఉంటుంది. మక్చిక్ ఇంటి మీద ఉన్నది జింకు రేకు. అది వేసి దశాబ్దాలైంది. మలయ్ పల్లెల్లో ఇప్పుడు ఆకు కప్పు కనబడటమే గొప్ప. రేకుల ఇంట్లో మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా! అటకలేని చోట అరచెయ్యి పైకెత్తి పట్టుకుంటే వేడి దిగుతూ తెలుస్తుంది. వాన పడితే పక్కమనిషి మాట వినబడదు. ఆకు కప్పుకు ఈ రెండు బాధలూ లేవు. మరి ఎందుకు మార్చారు?

ఈ ప్రశ్న వేసిన టీచరుకు పర్యావరణ విద్య అంటే ఏమిటో తెలిసినట్టే లెక్క. ఆకు కప్పు నాలుగైదేళ్ళకోసారి మార్చుకోవాలి. నిపా అంటే నదులు సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్ళ బురదలో పెరిగే పొట్టి తాటి జాతి. దాని ఆకు రెక్కల్ని ఒక బద్ద మీదికి మడిచి, ఒకదాని మీద ఒకటి సగం కప్పేట్టు పేర్చి, సన్నటి నారతో బద్ద పొడుగునా కుట్టుకుంటూ పోతారు. అలా కుట్టిన రెక్కల్ని చూరు నుంచి పైకి, ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వాసాలకు కడతారు. కోనసీమలో తాటాకు కప్పు నేసేవాళ్ళను చూసినవాళ్ళకు ఆ చేతుల వేగం తెలిసిందే. మట్టలు కోసినా నిపా చెట్టు చావదు, మళ్ళీ వేస్తుంది. కానీ ఆ చెట్టు ఉండాలంటే ఆ బురద ఉండాలి. తీరంలో మడ అడవిని పూడ్చి రొయ్యల చెరువులో, ఇళ్ళ స్థలాలో చేస్తే కప్పు వేసే సరుకు పోతుంది. సరుకున్నా కుట్టేవాళ్ళు కావాలి. కుట్టేవాళ్ళ పిల్లలు ఊళ్ళో ఉండాలి. 2020 జనాభా లెక్కల ప్రకారం మలేషియాలో 75 శాతం మంది పట్నాల్లోనే ఉంటున్నారు. అందుకని రేకు వచ్చింది. చవక, తేలిక, ఒకసారి వేస్తే ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు. వేడి మాత్రం ఇంట్లోవాళ్ళు భరించాలి, తరవాత్తరవాత కరెంటు బిల్లు భరించాలి. కప్పు మీది ఒక్క ఆకు నుంచి మడ అడవి, వలస, కూలి రేటు, కరెంటు, ఇన్ని బయటికి లాగొచ్చు. "ఆకు కప్పు పర్యావరణానికి మంచిది" అని రాయించి చుక్క పెడితే ఇవేవీ రావు.

చెక్క సంగతీ అంతే. మంచి ఇళ్ళకు చెంగాల్ వాడేవాళ్ళు. మహా బరువు, మహా గట్టిది, చెదలు ముట్టవు, వందేళ్ళు నిలబడుతుంది. మలయా ద్వీపకల్పం తప్ప దాదాపు ఇంకెక్కడా పెరగదు, ఇప్పుడు ముప్పులో ఉన్న చెట్ల జాబితాలో చేరింది. పర్యావరణానికి అనుకూలమైన ఇల్లని మనం చెప్పే ఆ ఇంటిని ఈరోజు దేశంలో అందరికీ కట్టిస్తామంటే మిగిలిన చెంగాల్ ఏ మూలకూ రాదు. జనం తక్కువగా, అడవి ఎక్కువగా ఉన్న కాలంలో చేసిన లెక్క అది. లెక్క తప్పు కాదు, లెక్కలోని అంకెలు మారాయి. ఈ మాట పిల్లలకు చెప్పడానికి టీచర్లు జంకుతారు, ఇంటి మీద గౌరవం తగ్గుతుందేమోనని. నాకైతే దీనివల్లే గౌరవం పెరిగింది. ఎందుకంటే ఆ చెక్కను వాళ్ళు ఎలా వాడారో చూడండి. ఒక కర్రకు తొలిచిన రంధ్రంలో ఇంకో కర్ర దూరుతుంది, పక్కనుంచి చీల కొడతారు. చీల ఊడగొడితే ఇల్లు ఊడి వస్తుంది. గుంజల్ని నేలలో పాతరు, రాతి దిమ్మ మీద నిలబెడతారు. తేమా, చెదా ఎక్కకుండా ఉండటానికే అయినా, ఇల్లు ఎత్తుకుపోవడానికి కూడా అదే వీలు. ఊళ్ళో మగవాళ్ళంతా చేరి ఇంటిని భుజాల మీద మోసుకెళ్ళి ఇంకో చోట దించేవాళ్ళు.

అలా కదిలిన ఇంటిని కౌలాలంపూర్ నడిబొడ్డున చూడొచ్చు. జలాన్ స్టోనర్‌లో బదాన్ వారిసాన్ మలేషియా అనే వారసత్వ సంస్థ ఆవరణలో రుమా పెంఘులు అబు సెమాన్ ఉంది. కెడా రాష్ట్రంలో సుంగై కెచిల్ అనే ఊళ్ళో ఒక పెంఘులు, అంటే మన పాతకాలం మునసబు లాంటి అధికారి ఇల్లు. 1910 నుంచి 1930ల దాకా విడతలు విడతలుగా కట్టారు. పాడుబడిపోతుంటే 1990ల మధ్యలో ఆ సంస్థ కొని, ముక్కలు ముక్కలుగా విప్పి, లారీలకెక్కించి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టింది. సిమెంటు ఇంటిని కూలిస్తే దిబ్బ మిగులుతుంది, దీన్ని విప్పితే ఇల్లే మిగిలింది. విడతలుగా కట్టడం కూడా గమనించాల్సిందే. పెళ్ళైన కొత్తలో రుమా ఇబు ఒక్కటీ వేసుకుంటారు. పిల్లలు పుట్టాక, చేతిలో డబ్బాడాక వంటిల్లు, వసారా, ముందు పంచ. బ్యాంకు లోను తీసుకుని పాతికేళ్ళకు సరిపడా ఇంటిని మొదటి రోజే కట్టుకునే మనలాంటి వాళ్ళకు ఇదొక చురక.

కొలతల గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. ఇంటి పొడుగూ వెడల్పూ ఇల్లాలి బారతో కొలిచే ఆచారం ఉండేది. చేతులు రెండూ చాచితే ఎంతో అంత, దాన్ని దెపా అంటారు. చిన్న కొలతలకు మూర. అంటే ఆ ఇంట్లో ఎక్కువసేపు తిరిగే మనిషి ఒళ్ళే కొలబద్ద. నిట్రాడును, అంటే తియాంగ్ సెరిని, ఎత్తేటప్పుడు పూజలాంటి తంతు ఉంటుంది, దాని తలకు రంగు గుడ్డలు కడతారు. పిల్లలకు టేపు ఇవ్వకుండా వాళ్ళ బారలతో, మూరలతో ఒక గది కొలిపించండి. ఒకడికి ఆరు బారలొస్తుంది, ఇంకొకడికి ఏడొస్తుంది. పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట అయ్యాక మన ఫ్లాట్లలో వంటగట్టు ఎత్తు ఎవరి ఒంటిని చూసి పెట్టారో అడగండి. వాళ్ళమ్మల నడుము నొప్పుల దాకా వెళ్తుంది చర్చ.

ఇక వరద. ఈ ఇంటికి అందరూ ఇచ్చే మొదటి కితాబు ఇదే, గుంజల మీద ఉంది కాబట్టి మునగదని. 2021 డిసెంబరు 17, 18 తేదీల్లో మా షా ఆలంలో కురిసిన వానకు తామన్ శ్రీ ముడా అనే కాలనీ మునిగిపోయింది. జనం పై అంతస్తుల్లో, కప్పుల మీద చిక్కుకుని పడవల కోసం చూశారు. నేలమీద టైల్సు పరిచి, పల్లపు నేలలో వరసగా కట్టిన సిమెంటు ఇళ్ళు. ఆ వారమంతా మా ఆఫీసులో "పాతకాలంవాళ్ళే తెలివైనవాళ్ళు" అన్న మాట వినని రోజు లేదు. నిజమే, ఏటా వచ్చిపోయే మోకాలి లోతు నీటికి గుంజల ఇల్లు బ్రహ్మాండమైన జవాబు. నీళ్ళు కింద నుంచి పోతాయి, నేల కూడా నీటిని ఇంకించుకుంటుంది, ఇంటి అడుగు మట్టి అలాగే ఉంది కాబట్టి.

కానీ 2014 డిసెంబరులో కెలంతాన్ రాష్ట్రంలో వచ్చిన వరదను ఏం చేస్తారు? అక్కడివాళ్ళు దాన్ని బాహ్ కునింగ్ అంటారు, పసుప్పచ్చ వరద. అంత బురద కొట్టుకొచ్చింది. దేశం మొత్తమ్మీద రెండు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి శిబిరాలకు చేరారు. కువాలా క్రాయ్ ప్రాంతంలో గుంజల మీది చెక్క ఇళ్ళు కూడా కొట్టుకుపోయాయి. తరతరాలుగా ఆ ఒడ్డున ఉన్నవాళ్ళు నీరెంత ఎత్తు వస్తుందో చూసి గుంజల ఎత్తు పెట్టుకున్నారు. నీరు ఆ ఎత్తు దాటింది. ఎగువన కొండల మీద అడవి నరికి రబ్బరు, పామాయిలు వేయడం మీదికి చాలామంది వేలు చూపించారు. 1926లోనూ కెలంతాన్‌ను ముంచెత్తిన వరద ఉంది, కాబట్టి ఒక్క కారణానికి అంటగట్టకుండా వాదించుకోవచ్చు. పిల్లలు వాదించుకోవాలి కూడా. గుంజ ఎత్తు ఎంత ఉండాలన్నది వడ్రంగి ఒక్కడే తేల్చే విషయం కాదని, ఎగువ అడవిలో రంపం పట్టినవాడికీ దానిలో వాటా ఉందని తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. తామన్ శ్రీ ముడా కథ ఒక్కటే చెప్పి కెలంతాన్ కథ దాచిన పాఠం సగం పాఠం.

ఇంకో సంగతి కూడా బొమ్మలో పట్టదు. ఆ ఇంటి హాయి ఆ ఇంటిది ఒక్కదానిదే కాదు, ఊరిది. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ, ప్రహరీ లేని వాకిళ్ళు, కింద కొమ్మల్లేకుండా పైన మాత్రం నీడపట్టే కొబ్బరిచెట్లు, కాబట్టి గాలి గుంజల మధ్య నుంచీ, మొదళ్ళ మధ్య నుంచీ ఊరంతా తిరుగుతుంది. అలాంటి ఇంటిని తెచ్చి మా వీధిలో పెడితే ఏమవుతుంది? మాది 20, 22 అడుగుల వెడల్పున్న వరస ఇళ్ళ వీధి. అటూ ఇటూ పక్కింటి గోడలే మా గోడలు. వాకిలంతా సిమెంటు, అందరి ఏసీల వేడిగాలీ వీధిలోకే. ఆ వీధిలో అంత పెద్ద కిటికీలు తెరిచి కూర్చుంటే వచ్చేది పక్కవాళ్ళ ఏసీ వేడీ, బైకుల పొగా. వాళ్ళ గుమ్మంలోంచి మన చాప కనబడుతుంది, అదీ ఒక బాధే. ఏసీ వేసుకున్నవాణ్ణి తిట్టే పర్యావరణ పాఠాలు నాకు అందుకే నచ్చవు. కాలనీ నక్షా గీసినప్పుడే ఆ ఏసీ కొనిపించేశారు.

"ఇది మలయ్ వాళ్ళ సంస్కృతి, చీనా పిల్లలకూ మన పిల్లలకూ ఎందుకు" అని అడిగేవాళ్ళున్నారు. మా తెలుగు స్నేహితుల్లోనే ఉన్నారు. జాతుల విషయంలో ఈ దేశం ఎంత ఆచితూచి మాట్లాడుతుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు, అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేయను. అయితే ఆ ఇల్లు ఏ ఒక్కరి గూటిలోంచీ రాలేదు. మెలకా ఇళ్ళ మెట్ల మీద రంగురంగుల పింగాణీ టైల్సు, కెలంతాన్, తెరెంగాను కప్పుల మీద సయామ్ (ఇప్పటి థాయ్‌లాండ్) వైపు సాంగ్‌ఖ్లా ఊరి పాత పేరుతో పిలిచే సింగోరా పెంకులు, నెగెరి సెంబిలాన్‌లో సుమత్రా నుంచి వచ్చిన మినాంగ్‌కబావ్‌ల వంపు కప్పు. వచ్చినవాళ్ళందరి చేతి ముద్రలూ ఉన్నాయి. ఎండా వానా ఏ జాతి కార్డూ అడగవు. పెరాక్ దిగువన బగాన్ దాతుక్ కొబ్బరితోటల్లోకి కూలికి వచ్చిన మన తెలుగువాళ్ళ మనవలు ఇప్పుడు ఈ బళ్ళలోనే చదువుతున్నారు. వాళ్ళ తాతలు ఎలాంటి లైన్లలో, అంటే కూలీలకు వరసగా కట్టిన గదుల్లో, ఉన్నారో, ఆ కప్పు కింద మధ్యాహ్నం ఎలా గడిచేదో ఇంట్లో ముసలివాళ్ళను అడిగి రమ్మంటే, మలయ్ ఇంటి పక్కన పెట్టి చూడటానికి ఇంకో ఇల్లు దొరుకుతుంది.

దేశం ఈ ఇంటిని మరిచిపోయిందని ఎవరూ అనలేరు, ఆ కప్పు ఆకారం హోటళ్ళ మీద, ప్రభుత్వ భవనాల మీద కనబడుతూనే ఉంటుంది. 1963లో తెరిచిన జాతీయ మ్యూజియం, ముజియుం నెగారా, పెద్ద మలయ్ కప్పు పెట్టుకున్న కాంక్రీటు భవనం. లోపల ఏసీ. తమాషా ఏమిటంటే దాని ఆవరణలోనే ఇస్తానా సతు ఉంది, 1884లో తెరెంగాను సుల్తాను కోసం కట్టిన చెక్క కోట. 1970లలో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. బడి బస్సులు వచ్చి ఆగుతాయి, పిల్లలు వరసగా ఏసీ హాల్లోకి వెళ్తారు, బయటికొచ్చి చెక్క కోట ముందు గ్రూపు ఫోటో దిగి బస్సెక్కుతారు. కప్పు ఒకే తీరు, లోపలి పద్ధతి పూర్తిగా వేరు అయిన రెండు భవనాలు ఒకే ఆవరణలో దొరకడం ఎంత అదృష్టం! ఏ పాఠశాల ప్రయోగశాలా ఈ ఏర్పాటు చేయలేదు. కువాలా కంగ్సార్‌లో ఇస్తానా కెనాంగాన్ కూడా అలాంటిదే. 1926లో తాత్కాలికంగా ఉండటానికి మేకు వాడకుండా కట్టిన రాజభవనం, గోడలు వెదురు తడికలు. సుల్తాను కూడా తడిక గోడల మధ్య ఉన్నాడంటే, తడిక పేదవాడి సరుకని మనకు ఎవరు నేర్పారో పిల్లలను ఆలోచించమనొచ్చు.

మ్యూజియం వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. వందేళ్ళ చెక్క మీద నలభైమంది పిల్లలు పరుగెత్తితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు, అందుకే తాడు కడతారు, ముట్టుకోవద్దని బోర్డు పెడతారు. పాత ఇంటిని కాపాడటమూ, పాత ఇంటితో నేర్పటమూ అన్నిసార్లూ ఒకటి కావు. కాబట్టి పాఠం పేరుపడ్డ ఇళ్ళలోనే జరగాలన్న పట్టు వదిలేద్దాం. మక్చిక్ ఇల్లులాంటివి, ముందు చెక్కా వెనక సిమెంటూ ఉన్నవి, ఇంకా వేలల్లో ఉన్నాయి. వాటిలో మనుషులున్నారు. వాళ్ళకు రోజు కూలి లెక్కన ఏదైనా ఇచ్చి ఒక మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోనివ్వమంటే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. అలాంటి ఇంటికి వెళ్ళడం వల్ల ఇంకో లాభం: ఆ ఇంట్లో ఉండేవాళ్ళు దాని బాధలు కూడా చెప్తారు. ఏ పలక పుచ్చింది, వడ్రంగి ఎంత అడిగాడు, కోడలు ఎందుకు ఇటుక గదే కావాలంది, గైడు ఇవి చెప్పడు.

మా అమ్మాయి వాళ్ళ సైన్సు టీచరుకు ఇదంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. మంచివాడు, సిలబస్ కింద నలిగిపోతున్నవాడు. "బాగుంది గానీ, మార్కులు దేనికి వేయమంటారు?" అన్నాడు. తిరిగొచ్చాక అదే కాగితం ముక్కలు తమ క్లాసురూములో కట్టమనండి, ఎక్కడ ఊగుతుందో ఎక్కడ ఊగదో గీసి చూపించినవాడికి వేయండి అన్నాను. ఆయన కిటికీల వైపు చూశాడు. పోయినేడు ఏసీలు పెట్టినప్పుడు పైన ఉన్న గాలి సందులన్నీ ప్లైవుడ్‌తో మూసేసి రంగు కూడా వేసేశారు. ఆ ప్లైవుడ్ సంగతి తల్లిదండ్రుల సంఘం మీటింగులో ఎత్తమని సలహా ఇచ్చి ఆయన తప్పుకున్నాడు. ఏసీలకు చందా వేసింది ఆ సంఘమే. మా వాటా మేమూ ఇచ్చాం.